మీ ఫైలు ఎక్కడుందో మీకు తెలుసా?

కంప్యూటరు గదిలో కూర్చుని మొదటి సి ప్రోగ్రాము టైపు చేసిన విద్యార్థిని ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. "నీ ప్రోగ్రాము ఎక్కడుంది?" "ఇదిగో, తెర మీద ఉంది సార్!" అంటాడు. తెర ఆర్పేస్తే ఎక్కడుంటుంది? "కంప్యూటర్ల ఉంటది సార్." కంప్యూటరులో ఎక్కడ? ఏ పేరుతో ఉంది? ఆ పేరు చివర చుక్క పెట్టి ఏమని రాసి ఉంది? ఇక్కడికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. ఆవర్తన పట్టికను గడగడ అప్పజెప్పే పిల్లలు, న్యూటను సూత్రాలకు లెక్కలు చకచకా చేసే పిల్లలు కూడా ఇక్కడ నీళ్ళు నములుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రోగ్రామింగు నేర్చుకోబోయే మన పిల్లలు మొదట బోర్లా పడేది తర్కం దగ్గర కాదు. అందరూ అనుకున్నట్లు ఇంగ్లీషు దగ్గరా కాదు. ఫైలు దగ్గర, కంపైలరు దగ్గర. ఈ రెంటినీ కాలేజీకి వెళ్ళాక చూసుకోవచ్చులే అని వదిలేయకూడదు. ఎనిమిదో తరగతిలోనో, తొమ్మిదిలోనో, మీ చేతులతో మీరే ఒకసారి కంపైలరును అమర్చుకోవాలి, మీ ఫైలును మీరే తెరవాలి, మూయాలి. ఎవరో అమర్చి ఇచ్చిన యంత్రంలో బొత్తాం నొక్కడం వేరు, ఇది వేరు.

మన జిల్లాల పిల్లలకు ఈ మాట మరింత అవసరం. ఎందుకంటారా? 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు, దాని మూడు ప్రాంగణాలలో ఒకటి బాసరలో వెలిసింది. అప్పటికి బాసర ఆదిలాబాద్ జిల్లాలోది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టి, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న శాస్త్రవేత్త ఆయన. పదో తరగతి మార్కులను బట్టే అక్కడ సీటు వస్తుంది. అంటే మే నెల దాకా పల్లెలో హైస్కూలు బెంచీ మీద కూర్చున్న పిల్ల, కొద్ది నెలలకే అక్కడి తరగతి గదిలో కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఇక ఇంటరు చదివి వెళ్ళేవాళ్ళకు జగిత్యాల జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో మొదలైంది. ఇంజనీరింగుకు వెళ్ళినా, పాలిటెక్నిక్‌లో కంప్యూటరు శాఖకు వెళ్ళినా సి భాష మిమ్మల్ని పలకరించక మానదు.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. ల్యాబు పీరియడు రెండు మూడు గంటలుంటుంది. పట్నంలో ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లవాడు పది నిమిషాలలో ఫైలు తెరిచి, ప్రోగ్రాము నడిపి, మిగతా సమయమంతా ఆలోచనకు వాడుకుంటాడు. మన పిల్లకు ఆ మొదటి పది నిమిషాల పనే రెండు గంటలు పడుతుంది. అలా నాలుగు వారాలు గడిస్తే "నాకు ప్రోగ్రామింగు రాదు" అని నిర్ణయించుకుంటుంది. తర్వాత ఏం చేస్తుంది? ప్రోగ్రాములను పద్యాల్లా బట్టీ పడుతుంది! తెలివి లేక కాదు. చిన్న సంగతి ఒకటి చెప్పేవాళ్ళు లేక.

సరే, ఇక అసలు విషయానికి వద్దాం. ఫైలంటే ఏమిటి?

బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడం మీలో చాలామంది చూసే ఉంటారు. పళ్ళెంలో పోసిన బియ్యంలో వేలు పట్టించి అక్షరం దిద్దిస్తారు. పళ్ళెం కదిలిందా, అక్షరం చెదిరిపోయినట్లే. మీరు తెర మీద టైపు చేసి, సేవ్ చేయకుండా ఉంచిన ప్రోగ్రాము సరిగ్గా అలాంటిదే. అది కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. కరెంటు పోయిందా, అంతా పోయినట్లే. సేవ్ చేయడమంటే దాన్ని పలక మీదకు కాదు, రిజిస్టరులోకి ఎక్కించడం. ఆ రిజిస్టరుకు ఒక పేరుంటుంది. అది ఉండే అరకు ఒక పేరుంటుంది. అరనే ఫోల్డరు అంటున్నాం. ఫైలు పేరూ, అర పేరూ రెండూ తెలిస్తేనే ఆ ఫైలు మీది.

పేరు విషయంలో ఒక తిరకాసు ఉంది. సి ప్రోగ్రాము ఫైలు పేరు చివర చుక్క, దాని పక్కన 'సి' అనే చిన్న అక్షరం ఉండాలి. 'హలో డాట్ సి' అన్నమాట. మీరు విండోస్‌లోని నోట్‌ప్యాడులో టైపు చేసి, 'హలో డాట్ సి' అనే పేరుతోనే సేవ్ చేశారనుకోండి. నోట్‌ప్యాడు మిమ్మల్ని అడగకుండా దాని చివర తన తోక కూడా తగిలించవచ్చు. అప్పుడు ఫైలు అసలు పేరు 'హలో డాట్ సి డాట్ టిఎక్స్‌టి' అవుతుంది. విండోస్ మామూలుగా ఆ చివరి తోకను మీకు చూపించదు. మీ కంటికి 'హలో డాట్ సి' అనే కనిపిస్తుంది. కంపైలరేమో అలాంటి ఫైలే లేదంటుంది! ఎదురుగా కనబడుతున్న ఫైలును లేదంటే ఎవరికి మాత్రం పిచ్చెక్కదు? ఫైలు ఎక్స్‌ప్లోరరులో 'వ్యూ' కింద 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అనే చోట టిక్కు పెట్టండి. ఇక ఏ తోకా దాగదు. కొత్త కంప్యూటరు ముందు కూర్చోగానే చేయవలసిన మొదటి పని ఇదేనని నేనంటాను. తోకలు దాచిపెట్టడం వాడేవాళ్ళ సౌకర్యం కోసమట. నేర్చుకునేవాళ్ళకు మాత్రం అది కళ్ళకు గంతలు కట్టడమే.

ఇప్పుడు కంపైలరు సంగతి. సిరిసిల్ల ప్రాంతం పిల్లలకు ఇది చెప్పడం తేలిక. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు కదా. మగ్గానికి పువ్వంటే ఏమిటో తెలియదు, నెమలి అంటే ఏమిటో తెలియదు. ఏ పడుగు పోగు పైకి లేవాలి, ఏది కిందనే ఉండాలి, ఇంతే దానికి తెలిసిన భాష. 1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జకార్డ్ అనే ఆయన రంధ్రాలు పొడిచిన అట్టలతో ఈ సంగతిని మగ్గానికి చెప్పే ఉపాయం కనిపెట్టాడు. చిత్రకారుడు గీసిన పువ్వును చూసి, గడి గడికీ లెక్క వేసి, అట్ట మీద రంధ్రాలుగా మార్చే మనిషి ఒకడు మధ్యలో ఉంటాడు. కంపైలరు పని అదే. మీరు రాసింది పువ్వు. యంత్రానికి కావలసింది రంధ్రాలు, అంటే ఒకట్లూ సున్నాలూ.

ఈ పనిని కూడా యంత్రం చేతనే చేయించవచ్చని 1950ల ఆరంభంలో చెబితే నమ్మినవాళ్ళు తక్కువ. అమెరికాలో గ్రేస్ హాపర్ అనే మహిళ 1952లో అటువంటి తొలి ప్రయత్నం చేసి చూపించింది. 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలరును తయారుచేసింది. 1972 ప్రాంతంలో బెల్ పరిశోధనశాలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించాడు. ఆ మరుసటి ఏడు యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ గుండెకాయ లాంటి భాగాన్ని ఆ భాషలోనే తిరగరాశారు. నేడు మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని లోపల లినక్స్ అనే వ్యవస్థ ఉంది. అందులో అత్యధిక భాగం సి భాషలో రాసిందే. కాబట్టి "సి పాతబడిపోయింది, పైథాన్ నేర్చుకుంటే చాలు" అనేవాళ్ళతో నాకు సగమే అంగీకారం. పైథాన్ మంచి భాషే. దానితో మొదలుపెట్టినా తప్పు లేదు. కాని ఎక్కువమంది వాడే ఆ పైథాన్‌ను కూడా సి భాషలోనే రాశారని మరిచిపోకండి.

మన కరీంనగర్ ప్రాంతంలో వరి పండించని ఊరు అరుదు. మీరు టైపు చేసిన ఫైలు వడ్లనుకోండి. కంపైలరు గిర్ని. బయటికి వచ్చేది బియ్యం, అంటే నడిచే ప్రోగ్రాము. వడ్లు వండుకు తినలేం. అలాగే మీరు రాసిన ఫైలును యంత్రం నేరుగా నడపలేదు. సరిగా చూస్తే ఇంకో సంగతి కూడా ఉంది. బియ్యం పోతే వడ్లు మళ్ళీ పట్టించుకోవచ్చు. వడ్లు పోతే? బియ్యాన్ని నాటితే మొలకెత్తదు! నడిచే ఫైలును పొరపాటున చెరిపేస్తే ఒక్క క్షణంలో మళ్ళీ తయారవుతుంది. మీరు రాసిన ఫైలును చెరిపేస్తే మాత్రం అది విత్తనం పోగొట్టుకోవడమే. పెన్‌డ్రైవులో చోటు చాలక ఒకటి తీసేయాల్సి వస్తే ఏది తీసేయాలో ఇక మీరే చెప్పగలరు. ఆశ్చర్యమేమంటే చాలామంది పిల్లలు దీనికి తలకిందులుగా చేస్తారు.

అమర్చుకోవడం అనే పనిలో మొదట తెలియవలసింది ఒకటుంది. టైపు చేసే ఎడిటరు వేరు, తర్జుమా చేసే కంపైలరు వేరు. నోట్‌ప్యాడు ఎడిటరు మాత్రమే. జీసీసీ కంపైలరు మాత్రమే. 'కోడ్ బ్లాక్స్' వంటివి ఈ రెంటినీ ఒక కిటికీలో కలిపి, బొత్తాములు పెట్టి ఇస్తాయి. ఈ తేడా తెలియక 'కోడ్ బ్లాక్స్'ను కంపైలరు లేని రకం దించుకుని, "నడవడం లేదు" అని విసిగిపోయేవాళ్ళు ఎందరో! విండోస్ కోసం దించుకునేటప్పుడు పేరులో 'మింగ్‌డబ్ల్యూ' అని ఉన్నదాన్ని తీసుకోవాలి. అందులో జీసీసీ కలిసే ఉంటుంది. జీసీసీని రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేశాడు. దానికి ధర లేదు. ఎవరైనా దించుకోవచ్చు, పంచుకోవచ్చు, దాని లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. కంపైలరు కొనడానికి డబ్బులు లేవనే మాటకు ఇక తావు లేదన్నమాట.

ఎడిటరులో కాక, నేరుగా ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీలో 'జీసీసీ' అని కొడితే, అటువంటిదేదీ గుర్తుపట్టలేనని విండోస్ అనవచ్చు. కంగారు పడకండి. కంపైలరు లేదని కాదు, ఎక్కడుందో విండోస్‌కు తెలియదని అర్థం. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి "గిర్ని ఏది?" అని అడిగితే ఏం చెబుతాడు? దారి చెప్పాలి. విండోస్‌లో 'పాత్' అనే ఒక జాబితా ఉంటుంది. ఏదైనా ఆజ్ఞ ఇస్తే ఏయే ఫోల్డర్లలో వెతకాలో అందులో రాసి ఉంటుంది. జీసీసీ ఉన్న 'బిన్' ఫోల్డరు పేరును ఆ జాబితాలో చేర్చి, నల్ల కిటికీని మూసి మళ్ళీ తెరవాలి. మూయకుండా అదే కిటికీలో ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. అది తెరిచినప్పటి పాత జాబితానే పట్టుకుని కూర్చుంటుంది. లినక్స్ ఉన్న యంత్రాలలో ఈ బాధ లేదు. జీసీసీ ముందే ఉంటుంది, లేకుంటే ఒక్క ఆజ్ఞతో వచ్చి దాని చోట అది కూర్చుంటుంది. లినక్స్ అనగానే భయపడేవాళ్ళకు ఒక మాట. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ళ తరబడి దాని మీదనే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా తయారుచేసింది.

అమర్చడం అయ్యాక మొదట రాసే ప్రోగ్రాము ఏది? 'హలో, వరల్డ్' అని తెర మీద ముద్రించేది. బ్రయాన్ కెర్నిఘాన్, డెన్నిస్ రిచీ కలిసి 1978లో ప్రచురించిన సి పుస్తకం వల్ల ఇది లోకమంతా వ్యాపించింది. దీన్ని చూసి పిల్లలు "ఇంతేనా?" అంటారు. 25 ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి కనుక నాకు ఇందులో వెర్నియర్ కాలిపర్స్ కనబడుతుంది. గోళం వ్యాసం కొలిచే ముందు దవడలు రెండూ దగ్గరికి చేర్చి శూన్యాంశ దోషం ఉందేమో చూస్తాం కదా. అక్కడ మనం ఏ వస్తువునూ కొలవడం లేదు, కొలిచే పరికరాన్నే పరీక్షిస్తున్నాం. 'హలో, వరల్డ్' కూడా అంతే. ఎడిటరు ఫైలును సరిగా దాచిందా, కంపైలరు దాన్ని కనుక్కుందా, ముద్రించే పనిముట్టు ఉన్న గ్రంథాలయం దానికి అతుక్కుందా, చివరికి నడిచిందా? ఇన్ని సంగతులు ఆ ఒక్క వరుసతో తేలిపోతాయి. అది కనిపించేదాకా పెద్ద ప్రోగ్రాము జోలికి పోవద్దు.

గ్రంథాలయం అతకడం అన్నాను. ఒక తమాషా చేసి చూడండి. 'మెయిన్' అని రాయవలసిన చోట రెండు అక్షరాలు తారుమారు చేసి 'మియాన్' అన్నట్లుగా రాయండి. తర్జుమా వరకు కంపైలరు కిక్కురుమనదు! మీ ఇష్టం వచ్చిన పేరుతో ఒక ఫంక్షను రాసుకున్నారని అనుకుంటుంది. చివర ముక్కలన్నీ అతికే 'లింకరు' వచ్చి, ప్రోగ్రాము మొదలు కావలసిన 'మెయిన్' ఎక్కడా లేదే అని ఫిర్యాదు చేస్తుంది. తప్పు ఒకటే అయినా దాన్ని పట్టుకునేది ఎవరో తెలిస్తే వెతకవలసిన చోటు తెలుస్తుంది. తప్పుల జాబితా పొడుగ్గా వస్తే మొదటిదాన్ని మాత్రమే సరిదిద్ది మళ్ళీ కంపైలు చేయండి. ఒక్క బ్రాకెట్టు మరిచిపోతే ఇరవై తప్పులు చూపించడం దానికి అలవాటు.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట చెప్పాలి. నేటికీ మన కొన్ని ల్యాబులలో, ట్యుటోరియల్ సెంటర్లలో సి నేర్పడానికి నీలం తెర కనిపించే 'టర్బో సి' వాడుతున్నారు. బోర్లాండ్ కంపెనీ 1987లో టర్బో సి తెచ్చింది. మనవాళ్ళు ఎక్కువగా వాడే టర్బో సి ప్లస్ ప్లస్ 3.0 మీద 1992 సంవత్సరం వేసి ఉంటుంది. ఆనాటికి అది అద్భుతమైన పనిముట్టు. సందేహం లేదు. ఎడిటరు, కంపైలరు ఒకే తెర మీద అంత వేగంగా పనిచేయడం చూసి లోకం ముక్కున వేలేసుకుంది. మన దేశంలో ఒక తరం మొత్తం దాని మీదనే నేర్చుకుంది. అయితే అది డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాము. నేటి 64 బిట్ల విండోస్ దాన్ని నేరుగా నడపలేదు. కాబట్టి 'డాస్‌బాక్స్' అనే ఒక నకిలీ పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో సృష్టించి, దాని కడుపులో టర్బో సి నడుపుతున్నారు. పిల్లవాడికి తన ఫైలు ఎక్కడుందో ముందే తెలియదు. ఇప్పుడు కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరులో వెతకాలి! అందులో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే హద్దు. పేరు పెట్టకపోతే 'నోనేమ్' అని అదే పెడుతుంది. తరగతి మొత్తం ఫైళ్ళు ఒకే 'బిన్' ఫోల్డరులో పోగుపడి, ఏది ఎవరిదో తెలియని స్థితి వస్తుంది.

ఇదంతా అసౌకర్యమే కదా, సర్దుకుపోవచ్చు అంటారేమో. లెక్కే తప్పు వస్తే? ఆదిలాబాద్ మార్కెట్టు యార్డుకు నిన్న 20,000 క్వింటాళ్ళ పత్తి, ఇవాళ 20,000 క్వింటాళ్ళు వచ్చిందనుకోండి. రెంటినీ 'ఇంట్' అనే పూర్ణాంక పెట్టెలలో వేసి టర్బో సి లో కూడి చూడండి. జవాబు 40,000 రాదు. మైనస్ 25,536 వస్తుంది! రైతులే యార్డుకు బాకీ పడ్డట్టు. కారణం: ఆ కంపైలరులో పూర్ణాంకానికి ఇచ్చే చోటు 16 బిట్లు, అంటే రెండు బైట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. దాన్ని దాటితే స్కూటరు మీటరు తిరిగినట్లు తిరిగి రుణసంఖ్యలలోకి పోతుంది. 40,000 నుంచి 65,536 తీసివేయండి, సరిగ్గా ఆ జవాబే వస్తుంది. నేటి జీసీసీలో అదే పెట్టె నాలుగు బైట్లది. 2,147,483,647 దాకా పడుతుంది. తెర తుడవడానికీ, తెరను నిలిపి ఉంచడానికీ టర్బో సి పిల్లలు రాసే రెండు మూడు ఆజ్ఞలు సి భాష ప్రమాణంలో లేనే లేవు.  అవే సి భాష అనుకుని బట్టీపట్టిన విద్యార్థి మరో కంపైలరు ముందు కూర్చోగానే చేతులు కట్టేసినట్లవుతాడు. "పరీక్షకు అదే చాలు" అనే సమాధానం నాకు తెలుసు. పరీక్షకు చాలే చదువు ఎన్నాళ్ళు చాలుతుంది? టర్బో సి ని మ్యూజియంలో గౌరవంగా ఉంచుదాం. ల్యాబులో మాత్రం వద్దు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో మరో అలవాటు పెరుగుతోంది. ఇంటర్నెట్టులో ఒక పేజీ తెరిస్తే చాలు, ఎడమ వైపు టైపు చేసి బొత్తాం నొక్కితే కుడివైపు జవాబు వస్తుంది. ఏ అమరికా అక్కర్లేదు. రుచి చూడడానికి అది మంచిదే. నేను కాదనను. కాని మీ ఫైలు ఎవరి యంత్రంలో ఉంది? కంపైలరు ఎవరిది? నెట్టు లేని రోజు ఏం చేస్తారు? ఈ మధ్య అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ కూడా వచ్చింది. అది రాసిచ్చిన ప్రోగ్రామును ఏ ఫైలులో, ఏ ఫోల్డరులో పెట్టి ఎలా నడపాలో తెలియనివాడికి అది రాసిచ్చీ ప్రయోజనం ఏమిటి?

ఫైళ్ళను ప్రోగ్రాము లోపలి నుంచి తెరవడం మొదలుపెడితే ఈ సంగతులన్నీ మరింత తేటపడతాయి. ఒక ప్రాజెక్టు సూచిస్తాను. వేసవిలో రామగుండం ఎండ, చలికాలంలో ఆదిలాబాద్ చలి రాష్ట్రమంతా చెప్పుకునేవే. మీ ఊళ్ళో రోజూ ఒకే వేళకు ఉష్ణోగ్రత కొలిచి, తేదీతో సహా ఒక ఫైలులో చేర్చే ప్రోగ్రాము రాయండి. సి లో ఫైలు తెరిచే ఫంక్షను పేరు 'ఎఫ్ ఓపెన్'. దానికి రెండు సంగతులు చెప్పాలి. ఏ ఫైలు, ఎందుకు తెరుస్తున్నాం. చదవడానికైతే 'ఆర్', కొత్తగా రాయడానికైతే 'డబ్ల్యూ', ఉన్నదాని చివర చేర్చడానికైతే 'ఏ'. ఇక్కడే జాగ్రత్త! 'డబ్ల్యూ' అని తెరిస్తే ఆ పేరుతో ఉన్న పాత ఫైలులోని సమాచారమంతా ఆ క్షణంలోనే చెరిగిపోతుంది. మీరు ఇంకా ఒక్క అక్షరం రాయకముందే! హాజరు పట్టీ తెరవమంటే పాత కాగితాలన్నీ చింపి కొత్త పట్టీ పెట్టినట్లు. ముప్పై రోజులు కొలిచిన తరువాత తెరిచి చూస్తే చివరి రోజు అంకె ఒక్కటే మిగిలి ఉంటుంది. మన పనికి కావలసింది 'ఏ'.

'ఆర్' అన్నప్పుడు ఆ ఫైలు దొరకకపోతే 'ఎఫ్ ఓపెన్' అరవదు, ఏడవదు. 'నల్' అనే శూన్య విలువను మౌనంగా తిరిగి ఇస్తుంది. అది చూసుకోకుండా ముందుకు పోతే ప్రోగ్రాము నడుమ కూలబడుతుంది. తలుపు తెరుచుకుందో లేదో చూడకుండా లోపలికి నడిస్తే నుదురు బొప్పి కడుతుంది కదా. ఫైలు ఉండి కూడా దొరకలేదంటే, ప్రోగ్రాము ఏ ఫోల్డరులో నిలబడి నడుస్తున్నదో చూడండి. అది అక్కడే వెతుకుతుంది, యంత్రమంతా గాలించదు. దారి మొత్తం రాసి ఇద్దామని విండోస్ పద్ధతిలో వెనక్కు వాలిన గీతలు పెడితే ఇంకో చిక్కు. సి భాషలో ఆ గీత పక్కన 'ఎన్' ఉంటే కొత్త వరుస అని అర్థం. 'టి' ఉంటే కొంత ఖాళీ వదలమని అర్థం. మీ ఫోల్డరు పేరు 'నోట్స్' అయితే మొదటి అక్షరం 'ఎన్' కాస్తా మాయమై దారి మధ్యలో విరుగుతుంది. ఆ గీతను రెండుసార్లు రాయాలి, లేదా ముందుకు వాలిన గీత వాడాలి. విండోస్‌లోనూ అది పనిచేస్తుంది.

తెరిచిన ఫైలును 'ఎఫ్ క్లోజ్'తో మూయమని పుస్తకాలు చెబుతాయి, ఎందుకో చెప్పవు. కరీంనగర్ బస్టాండు దగ్గర షేరు ఆటో చూడండి. ఒక్క ప్రయాణికుడు ఎక్కగానే కదలదు, నిండాక కదులుతుంది. మీరు రాసిన అక్షరాలు కూడా ఒక్కొక్కటిగా డిస్కు మీదకు పోవు. 'బఫరు' అనే పెట్టెలో పోగై, నిండాక ఒకేసారి పోతాయి. మూయడమంటే "ఇక ఎవరూ రారు, ఉన్నవాళ్ళతోనే బయలుదేరు" అని చెప్పడం. ప్రోగ్రాము సజావుగా ముగిస్తే ఆ మిగిలినవి ఎలాగో చేరతాయి. మధ్యలో కూలినా, కరెంటు పోయినా ఆటోలో కూర్చున్నవాళ్ళు ఊరు చేరరు. కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా!

"మా బళ్ళో కంప్యూటరు గదికి తాళం ఉంది సార్, ఇవన్నీ ఎక్కడ చేయాలి?" అని అడిగే పిల్లలు ఉన్నారని తెలుసు. 2008 ప్రాంతంలో వేలాది ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. ఐదేళ్ళ ఒప్పందాలు ముగిశాక చాలాచోట్ల నేర్పేవాళ్ళు లేక, బాగుచేసేవాళ్ళు లేక అవి మూలపడ్డాయి. తాళం తీయించడం మా పెద్దల బాధ్యత. అందులో మినహాయింపు ఏమీ లేదు. పాడైపోయాయనుకున్న పాత యంత్రాలలో కొన్ని లినక్స్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాయి. సి కంపైలరుకు గొప్ప యంత్రం అక్కర్లేదు. మీ సైన్సు సారును, టీచరును అడగండి, పదేపదే అడగండి. ఆలోగా ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే పెద్దల అనుమతితో 'టెర్మక్స్' అనే యాప్ ఎక్కించుకోండి. అందులో 'క్లాంగ్' అనే నిజమైన సి కంపైలరు దించుకోవచ్చు. ఒకసారి దించుకున్నాక నెట్టు లేకపోయినా పనిచేస్తుంది. చిన్న తెర మీద బ్రాకెట్లు కొట్టడం విసుగే, కాని ఫైలు మీది, కంపైలరు మీ చేతిలోది.

ఇక ఈ నెల ఇంటిపని. ఎడిటరులో 'తెలుగు' అనే ఒక్క మాట మాత్రం తెలుగు లిపిలో రాసి, చివర ఎంటర్ నొక్కకుండా, 'యూటీఎఫ్-8' పద్ధతిలో సేవ్ చేయండి. తర్వాత ఫైలు పరిమాణం ఎన్ని బైట్లో చూడండి. కంటికి మూడే అక్షరాలు, పరిమాణం మాత్రం 18 బైట్లు! త, దాని మీద ఎత్వం, ల, దాని కొమ్ము, గ, దాని కొమ్ము, ఇలా కంప్యూటరు లెక్కలో అవి ఆరు. ఒక్కొక్కదానికి మూడు బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి అయితే ఒక్క బైటు చాలు. లినక్స్‌లోని కొన్ని ఎడిటర్లు చివర ఒక బైటు తామే చేరుస్తాయి, 19 వస్తే కంగారు పడకండి. ఇప్పుడు 'అమ్మ' అని రాస్తే ఎన్ని బైట్లు రావాలో ముందు కాగితం మీద లెక్క వేయండి. మ కింద ఒత్తు ఎలా లెక్కకు వస్తుందో ఆలోచించండి. ఆ తరువాత ఫైలును 'ఆర్' పద్ధతిలో తెరిచి, బైట్లను ఒక్కొక్కటే చదువుతూ లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము రాసి సరిచూడండి.